జానెడు కొసరు

"నన్ను చంపబోయింది ఎవరో తర్వాత చూద్దాం. ముందు నన్ను బతికించింది ఎవరో కనుక్కో," అంది పెద్దక్క.

పదహారేళ్ళుగా డిటెక్టివ్ పని చేస్తున్నాను. దొంగల్ని పట్టమన్నారు, మొగుళ్ళ వెనకాల తిరగమన్నారు, తప్పిపోయిన కుక్కని వెతకమన్న మహానుభావుడు కూడా ఉన్నాడు. దండం పెట్టుకోవడానికి ఒక మనిషిని వెతికిపెట్టమని అడిగింది మాత్రం ఈవిడే మొదలు.

మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంటా పది. నాటకశాల వెనక మేకప్ గది. పెద్దక్క అద్దం ముందు కూర్చుని రాణి కిరీటాన్ని తలకి బిగించుకుంటోంది. యాభై రెండేళ్ళ మనిషి. ఈ హాలూ, ఈ నాటక బృందమూ ఆవిడవే. బృందంలో తనకన్నా పెద్దవాళ్ళు కూడా ఆవిడని పెద్దక్క అనే పిలుస్తారు.

"నిన్న ఎన్ని గంటలకి పడింది?"

"పదకొండూ ఇరవై. రిహార్సల్ మధ్యలో. వేదిక మీద లైట్లు వేలాడదీసే ఇనప దూలాలు మూడున్నాయి కదా, ముందుది, నడిమిది, వెనకది. ముందుదాన్ని కిందకి దించుతుంటే తాడు పుటుక్కున తెగింది. కింద నేనే ఉన్నాను, ఈ కిరీటంతోటే."

"మరి మీకు దెబ్బ?"

"వెంట్రుక కూడా కదల్లేదు. కిరీటానికి జానెడు పైన వచ్చి ఆగింది." చేతిని చాచి చూపించింది. "ఇన్‌స్పెక్టరు అదృష్టమన్నాడు. అదృష్టానికి ముడెయ్యడం రాదమ్మా. ఆ దూలానికి ఎవరో ఇంకో తాడు కట్టారు. ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో చెప్పేవాళ్ళు లేరు. అడగాల్సిన మనిషేమో నోరు విప్పడం లేదు."

"ఎవరాయన?"

"తాళ్ళ తాత. నలభై ఏళ్ళుగా ఇక్కడ ప్రతి తాడూ ఆయనే కడుతున్నాడు. తప్పంతా నాదే అంటాడు తప్ప ఇంకో మాట లేదు. నాలుగింటికి ఇన్‌స్పెక్టరు ఆయన్ని స్టేషన్‌కి తీసుకెళ్తాడట. డెబ్భై రెండేళ్ళ మనిషిని లాకప్‌లో పెడతారు. మా మరిది అప్పుడే కొత్త మనిషిని చూస్తానంటున్నాడు."

"మీ మరిది అంటే?"

"మేనేజరు. మా ఆయన పోయినప్పటి నుంచీ హాలు వ్యవహారాలన్నీ వాడే చూస్తున్నాడు. అమ్మేద్దాం వదినా, అమ్మేద్దాం వదినా అని రోజూ చెవిలో జోరీగ. నేను బతికుండగా సంతకం పెట్టనని చెప్పాను." కిరీటం సరిగ్గా కూర్చుందో లేదో అద్దంలో చూసుకుంది. "ఈ శుక్రవారం ఆట ఉంది. మూడున్నరకి రిహార్సల్. నువ్వు నాలుగింటి లోపల తేల్చు."

నిన్ననే చావు నెత్తిమీదికి వచ్చి ఆగింది. ఈ రోజు మళ్ళీ అదే కిరీటం పెట్టుకుని అదే వేదిక ఎక్కుతానంటోంది. ఇలాంటి మనిషికి పని చేసిపెట్టకపోతే ఇంకెవరికి చేస్తాం?

తాళ్ళ గది మెట్ల కింద ఉంది. తాత ఒక పీట మీద కూర్చుని తెగిన దారాలు ఏరుతున్నాడు. గోడకి తాళ్ళ చుట్టలు. మూలలో కొత్త చుట్ట ఒకటి, దానికి వేలాడుతున్న చీటీ మీద "60 మీటర్లు" అని, కింద మొన్న శనివారం తేదీ రాసి ఉన్నాయి. గోడకి ఆనించి నిలువెత్తు కర్ర ఒకటి ఉంది.

"నేనే చేశానమ్మా. రాసుకో," అన్నాడు నేను నోరు తెరవకముందే.

"ఏం చేశారు తాతా?"

"తాడు పాతది. చూసుకోలేదు. కళ్ళు సరిగా ఆనడం లేదు."

"తెగిన తాడు వేదిక మీద పడి ఉంది, వస్తూ చూశాను. తెల్లగా, కొత్తగా ఉంది. ఆ మూల చుట్టలోదేనా?"

ఆయన చేతిలో దారం ఆగిపోయింది. "ఆ చుట్టని నేనింకా ముట్టుకోలేదు," అని, అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"పాత తాడన్నారు?"

"పాతదో కొత్తదో, ఎలా రాసుకుంటావో రాసుకో తల్లీ. అమ్మాయికి మాత్రం ఏం తెలియదు. అమ్మాయి ఆదివారం పైకి వెళ్ళనే లేదు."

నేను అమ్మాయి ఊసే ఎత్తలేదు. ఆయన కూతురు కూడా ఇక్కడే తాళ్ళ పని చేస్తుందని పెద్దక్క నాకు చెప్పింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏ అమ్మాయి అని అడగాల్సి వచ్చేది. అబద్ధమాడటం చేతకానివాళ్ళని చూస్తే నాకు కోపం రాదు, జాలేస్తుంది.

నేను మాట మార్చి, "దూలానికి రెండో తాడు కట్టింది మీరేనా?" అన్నాను.

ఇక్కడ మాత్రం ఆయన తల ఎత్తాడు. "కొసరా? నేనే. ప్రతి దూలానికీ కడతా."

"కొసరేంటి?"

"బజార్లో కొలిచి ఇచ్చాక పైన ఇంకో గుప్పెడు వేస్తారు చూడు, అది కొసరు. అసలు తాడు దూలాన్ని మోస్తుంది. కొసరు ఏమీ మొయ్యదు, ఊరికే వదులుగా ఉంటుంది. అసలుది మోసం చేసిన రోజున మాత్రం పట్టుకుంటుంది." గోడకి ఆనించిన కర్ర చూపించాడు. "ప్రతి ఆటకీ అందరికన్నా ఎత్తయిన తల ఎవరిదో చూసి ఆ ఎత్తుకి కర్ర కోస్తా. ఈ ఆటలో పెద్దక్క కిరీటం. ఆ కర్ర మీద నా జాన నిలబెట్టి, దూలం అక్కడ ఆగేలా ముడేస్తా."

"చెయ్యి చాపండి."

నా బ్యాగులో మా అమ్మ టేపు ఎప్పుడూ ఉంటుంది. అమ్మ బట్టలు కుట్టేది. గుడ్డ మీటర్లలో కొనేది, అంగుళాల్లో కత్తిరించేది. ఇదేం లెక్కమ్మా అని చిన్నప్పుడు అడిగితే, "గుడ్డ కొట్టువాడిది, ఒళ్ళు మనిషిది," అనేది. ఆ మాటకి అర్థం తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆ టేపుతో తాత జాన కొలిచాను. తొమ్మిది అంగుళాలు.

నిన్న ఇన్‌స్పెక్టరు రాసుకున్న కాగితం నకలు పెద్దక్క నాకిచ్చింది. అందులో కిరీటానికీ దూలానికీ మధ్య దూరం ఇరవై రెండు పాయింట్ ఎనిమిది సెంటీమీటర్లు. టేపు తిప్పి చూస్తే తొమ్మిది అంగుళాలే.

పెద్దక్క అడిగిన మనిషి దొరికాడు. నా పని అక్కడితో అయిపోయినట్టే. కానీ దొరికిన మనిషినే నాలుగింటికి బేడీలు వేసి తీసుకెళ్తారు. అలాంటి జవాబు తీసుకుని పెద్దక్క ముందుకి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను?

"తాళ్ళ మీద ఎర్రదారం చుట్టారెందుకు?"

"బారకొక చుట్టు." రెండు చేతులూ బార్లా చాపి చూపించాడు, ఈ చేతి వేలి కొస నుంచి ఆ చేతి వేలి కొస దాకా. "దూలాలు దించేది వేదిక పైనున్న చెక్క వంతెన మీద నుంచి. ఆట జరుగుతుంటే అక్కడ చీకటి. దీపం వేస్తే కింద జనానికి కనబడుతుంది. టేపు మీద అంకెలు ఎవరు చదువుతారు? చేతిలో తాడు జారుతుంటే దారం వేళ్ళకి తగులుతుంది. ఒకటి, రెండు, మూడు. మూడు బారలు దిగితే దూలం ఎక్కడుంటుందో నా భుజాలకి తెలుసు. తాడు నేనూ మీటర్లలోనే కొంటానమ్మా, కొట్టువాడితో నాకేం గొడవ లేదు. నా చేతికొచ్చాకే బారలు."

ఆ చాపిన చేతుల్ని కూడా కొలిచాను. అరవై ఆరు అంగుళాలు. తాత బార అంతే.

రెండూ పది. వేదిక మీద ఇన్‌స్పెక్టరు నాకోసమే కాచుకున్నట్టు నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో స్టీలు టేపు. నిజాయితీపరుడని పేరుంది. దశాంశం లేకుండా మంచినీళ్ళు కూడా తాగడని నా అనుమానం.

"రండి మేడం. కుట్టుమిషను తెచ్చుకోలేదా?" అన్నాడు నా చేతిలో టేపు చూసి.

"తెచ్చుంటే మీ రిపోర్టుకి నాలుగు అతుకులు వేసిపెట్టేదాన్ని సార్."

"అతుకులేం అక్కర్లేదు. చేతులతో కొలిచి, కళ్ళతో అంచనా వేసి నూట ఎనభై కిలోల ఇనుము వేలాడదీశాడు. ఈ కాలంలో బారలేంటండీ, జానలేంటి? మనుషుల ప్రాణాలతో చెలగాటం కాకపోతే."

"మీ ఇంట్లో టీవీ ఎంత?"

"ముప్పై రెండు."

"ముప్పై రెండు ఏంటి? సెంటీమీటర్లా?"

ఆయన స్టీలు టేపుని టక్కున లోపలికి చుట్టేశాడు. నేను కిందపడిన తాడు దగ్గర కూర్చున్నాను. తెగిన చోటు సరిగ్గా ఒక ఎర్రదారం చుట్టు దగ్గరుంది. దారాన్ని మెల్లగా విప్పాను. దాని కింద తాడు పోగుల్లో సగానికి పైగా కత్తి పెట్టి కోసినట్టు నున్నగా ఉన్నాయి. మిగతావి మాత్రమే పీచుపీచుగా తెగాయి. కోత కనబడకుండా పైన దారం చుట్టారన్నమాట.

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. ముఖంలో రంగు మారింది. తర్వాత నా వైపు తిరిగి చాలా మర్యాదగా, "థాంక్సండీ మేడం. నిర్లక్ష్యం కేసు అనుకున్నాను. ఇది హత్యాయత్నం. దారాలు చుట్టేది ఎవరు? తాతే కదా," అన్నాడు.

 ముసలాయన్ని విడిపించడానికి వచ్చి ఉచ్చు ఇంకాస్త బిగించాను.

చేసేదేం లేక దారాల మధ్య దూరం కొలవడం మొదలుపెట్టాను. అమ్మ టేపు అరవై అంగుళాలే, రెండుసార్లు పెట్టాల్సి వచ్చింది. మొదటి చుట్టు నుంచి రెండోదానికి డెబ్భై రెండు అంగుళాలు. రెండు నుంచి మూడుకి డెబ్భై రెండు. మూడు నుంచి నాలుగుకి డెబ్భై రెండు. నాలుగోదాని దగ్గర నా చెయ్యి ఆగింది. తాడు రెండు ముక్కలూ కలిపి మొత్తం ఎంతో కూడా చూసుకున్నాను, పదకొండు మీటర్ల డెబ్భై.

నడిమి దూలం తాడు కొస పక్కగోడ దగ్గర కిందకి వేలాడుతోంది. లేచి దాన్నీ కొలిచాను. అరవై ఆరు. అరవై అయిదూ ముప్పావు. అరవై ఆరుంబావు.

"సార్, మీ స్టీలు టేపుతో ఒకసారి చూడండి. ఇది తాత కట్టిన తాడు. చుట్టుకీ చుట్టుకీ పావు అంగుళం అటూ ఇటూ. మనిషి చెయ్యి చాచిన ప్రతిసారీ ఒకేలా సాగదు. ఆ తెగినదాంట్లో ఒక నూలుపోగు తేడా కూడా లేదు. పైగా ఒక్కో బారకి ఆరంగుళాలు ఎక్కువ. డెబ్భై రెండేళ్ళ వయసులో తాత చేతులు పెరిగాయంటారా?"

ఆయన కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. అది మాత్రం మెచ్చుకోవాలి, నచ్చని కొలతని రెండోసారి కొలిచే మనుషులు తక్కువ.

"అయితే కూతురు," అన్నాడు. "పైకి వెళ్ళే తలుపుకి తాళంచెవులు మూడు. తాత దగ్గరొకటి, కూతురి దగ్గరొకటి, మేనేజరు దగ్గరొకటి. వాచ్‌మన్ చెప్పాడు, ఆ అమ్మాయి ఈ రోజు పొద్దున్నే ఏడింటికి పైకి వెళ్ళి అరగంట ఉంది. ఏం పని?"

"మీరు ఆ తలుపుకి సీలు వేయించలేదా?"

"ముందు ఇది నిర్లక్ష్యం కేసే కదా," అన్నాడు, గొంతు కొంచెం తగ్గించి.

రెండూ యాభై. కూతురు తాళ్ళ గదిలోకి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. పొట్టి మనిషి, గట్టి చేతులు. తండ్రిని బయటికి పంపించి తలుపు మూశాను.

"పొద్దున ఏడింటికి పైకి ఎందుకు వెళ్ళావమ్మా?"

"ఊరికే అక్కా."

"అరగంట ఊరికేనా?"

"మా నాన్నని ఏం అనకండి."

"నేను అడిగింది నీ గురించి."

పెదవి కొరుక్కుంది. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఈ ఇంట్లో ఇదేం జబ్బో. తండ్రిని అడిగితే కూతురి గురించి చెబుతాడు. కూతుర్ని అడిగితే తండ్రి గురించి చెబుతుంది.

"సరే, చెప్పొద్దు. చేతులు చాపు."

అమ్మ టేపు ఈ చివర నుంచి ఆ చివర దాకా సరిగ్గా సరిపోయింది. అరవై అంగుళాలు. ఆ అమ్మాయి బార ఒక టేపు.

"మీ నాన్న బారకీ నీ బారకీ ఆరంగుళాలు తేడా ఉంది కదా. ఇద్దరూ ఒకే తాళ్ళ మీద పని చేస్తే తికమక రాదా?"

ఆ అమ్మాయి మొదటిసారి నవ్వింది. "ఎందుకొస్తుంది? నాన్న కట్టిన తాడు పట్టుకుంటే నాన్న లెక్క. నేను కట్టింది పట్టుకుంటే నా లెక్క. చెయ్యి పట్టుకుంటే ఎవరిదో తెలియదా అక్కా?"

 మధ్యాహ్నం నుంచీ నేను వెతుకుతున్న మాటని ఆ పిల్ల నవ్వుతూ అనేసింది. నా టేపు ఎంతో చెబుతుంది, ఎవరో చెప్పదు. వీళ్ళ కొలతలో మనిషి కూడా ఉంటాడు. అందుకే అవి ఇంకా చావలేదు.

"ఆ కొత్త చుట్టలో ఎంత మిగిలిందో కొలిచి పెట్టు," అన్నాను.

చుట్ట విప్పి చేతులు చాస్తూ మడుస్తూ చకచకా లెక్కపెట్టింది. "ఇరవై నాలుగు బారలు." తర్వాత మొహం చిట్లించింది. "ఇదేంటి, తక్కువుందే? మేమెవరమూ దీన్ని కొయ్యలేదు."

మూడూ ముప్పై అయిదు. ఇన్‌స్పెక్టరుని వేదిక పక్కకి పిలిచాను. వేదిక మీద పెద్దక్క గొంతు వినబడుతోంది, పద్యంలా సాగుతున్న రాణి మాటలు.

"సార్, తాళంచెవులు మూడు. తాత బార అరవై ఆరు. కూతురిది అరవై. ఆ కోసిన తాడు మీద దారాలు చుట్టిన మనిషిది డెబ్భై రెండు. అది కూడా ఒక్క పోగు తేడా లేకుండా ప్రతిసారీ. అది చెయ్యి కాదు. బార అంటే ఎంతో ఎక్కడో చదివి, టేపు పెట్టి గుర్తులు వేసుకుని చుట్టిన మనిషి. తాత కొలతని దొంగిలించాలనుకున్నాడు, పుస్తకంలో కొలత దొరికింది."

ఇన్‌స్పెక్టరు ఫైలు తెరిచాడు. అందులోంచి నీటుగా టైపు చేసిన కాగితం తీశాడు. "ఒక బార = 6 అడుగులు = 182.88 సెం.మీ. ఒక జాన = 9 అంగుళాలు..." కింద ఇంకా నాలుగు వరుసలు.

"ఎవరిచ్చారిది?"

"మేనేజరు గారు. పాత కొలతల వల్ల ప్రమాదం జరగొచ్చని ఫిర్యాదు రాస్తూ దాంతో జతచేశారు." తేదీ చూశాడు. "శనివారం."

"తాడు చుట్ట వచ్చింది శనివారం. దూలం పడింది సోమవారం."

ఆయన కాగితాన్ని రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు. కొలతలని నమ్మిన మనిషికి ఆ కొలతే దెబ్బకొడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే ఎకసెక్కం చెయ్యాలనిపించలేదు.

"ఇంకో లెక్క ఉంది సార్, ఇది మీ మీటర్లలోనే," అన్నాను. "చుట్ట అరవై మీటర్లు. కూతురి బారలు ఇరవై నాలుగు మిగిలాయి. అంటే ముప్పై ఆరున్నర. పోయింది ఇరవై మూడున్నర. కిందపడిన తాడు పదకొండూ డెబ్భై."

ఆయన పెదాలు కదిలాయి. "ఇంకో పదకొండూ ఎనభై ఎక్కడ?"

ఆ ప్రశ్న ఆయన నోట్లోంచి రావడమూ, నేను తల ఎత్తి పైకి చూడడమూ ఒకేసారి జరిగాయి. నడిమి దూలం తాడు కొలిచాను. అది తాతదే. వెనక దూలం తాడు కొస పైన చెక్క వంతెన మీదే చుట్టి ఉంది, కిందకి అందలేదని వదిలేశాను. అందలేదని వదిలేశాను!

వేదిక మీదకి పరుగెత్తాను. పెద్దక్క వెనక దూలం కింద ఒంటరిగా నిలబడి ఉంది, కిరీటంతో. తాత గోడ పక్కన చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"పెద్దక్కా, మీ మరిది ఎక్కడ?"

"పైన. వెనక దూలం దించి లైట్లు సరిచేస్తానన్నాడు. వెలుగు ముఖం మీద పడుతుందో లేదో చూడాలి, కదలకుండా అక్కడే ఉండు వదినా అన్నాడు. ఏం?"

పైన గిలక కిర్రుమంది. దూలం దిగడం మొదలుపెట్టింది. తల ఎత్తితే, దిగుతున్న తాడు తెల్లగా, కొత్తగా ఉంది.

"పక్కకి రండి!" అని అరిచాను. తాత కూడా అరిచాడు. ఆవిడ తల ఎత్తి చూస్తుండగానే పుటుక్కుమంది. నూట ఎనభై కిలోలు ఒక్కసారి వదులైన చప్పుడు. నాకు కళ్ళు మూసుకోవడం తప్ప ఏం చేతకాలేదు.

టంగుమని ఒక మోత. పైనుంచి దుమ్ము రాలింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

కళ్ళు తెరిస్తే పెద్దక్క నిలబడే ఉంది. దూలం ఆవిడ కిరీటం పైన గాల్లో ఆగి, అటూ ఇటూ మెల్లగా ఊగుతోంది. పైన చెక్క వంతెన మీద ఎవరో పరుగెత్తుతున్నారు. ఇన్‌స్పెక్టరు అప్పటికే మెట్లు సగం ఎక్కేశాడు. ఆ మెట్లు తప్ప పైనుంచి దిగడానికి వేరే దారి లేదు.

తాత పెద్దక్కని చెయ్యి పట్టుకుని బయటికి లాగాడు. తర్వాత వెనక్కి తిరిగి ఆ దూలాన్నీ, దాన్ని పట్టి ఆపిన తాడునీ చూశాడు. తలకీ దూలానికీ ఇంతకు ముందున్న ఖాళీని చేత్తో అంచనా వేసుకున్నాడు. కర్ర తెప్పించాడు. కర్ర మీద తన జాన నిలబెట్టాడు. చిటికెన వేలు దూలానికి తగిలి మడుచుకుపోయింది. చెయ్యి పట్టడం లేదు.

"ఇది నా కొసరు కాదు," అన్నాడు నెమ్మదిగా.

నేను టేపు పెట్టాను. ఏడు అంగుళాలు.

తాళ్ళ గది గుమ్మంలో కూతురు నిలబడి ఉంది, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని. నేను ఆ చేతుల్లో ఒకటి పట్టుకుని తీసుకొచ్చి కర్ర మీద ఆనించాను. బొటనవేలు కర్ర కొస మీద. చిటికెన వేలు ఇనుము మీద. కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

"పొద్దున పైకి వెళ్ళి చూస్తే వెనక దూలానికి కొసరు లేదు నాన్నా," అంది ఏడుస్తూ. "చీకట్లో అసలు తాడు పట్టి చూడలేదు, కొసరు నువ్వే మర్చిపోయావనుకున్నా. ఇన్‌స్పెక్టరుకి తెలిస్తే ఇదీ నీ నెత్తిన రాస్తాడని ఎవరికీ చెప్పకుండా కట్టేశా."

"నేను మర్చిపోతానా అమ్మడూ? ఎవరో విప్పేశారు." తాత కూతురి తల నిమిరాడు. "ముందు దూలం తాడు చూసినప్పుడే ఆ దారాలు నావి కావని చేతికి తెలిసింది. ఇక్కడ తాడు కట్టేది నువ్వూ నేనే కదా. నీ చెయ్యి ఎక్కడ తప్పిందో అని..."

మిగతాది చెప్పాల్సిన అవసరం కూడా లేదు. తప్పు చెయ్యని ఇద్దరు మనుషులు నిన్నటి నుంచీ ఒకరి తప్పు ఒకరు మోస్తున్నారు. నా ఉద్యోగంలో మనుషుల చెత్త చాలా చూస్తాను. అప్పుడప్పుడు ఇలాంటిది కూడా చూపిస్తుంది ఈ ఉద్యోగం, అందుకు దానికి రుణపడి ఉన్నాను. అమ్మ టేపుని చుట్టి గుప్పిట్లో పట్టుకున్నాను. కళ్ళు తుడుచుకోవడానికి పనికొచ్చే వస్తువు కాదది, అయినా తుడుచుకున్నాను.

పైనుంచి ఇన్‌స్పెక్టరు మేనేజరుని రెక్క పట్టుకుని దింపుకొచ్చాడు. విప్పేసిన పాత కొసరు తాడు ఇన్‌స్పెక్టరు భుజం మీద ఉంది. మెట్ల మలుపులో ఉన్న మేనేజరు గదిలో, టేబులు కింద దొరికిందట. దాని పక్కనే ఎర్రదారం ఉండ.

"వదినా, నేను..." అన్నాడు మేనేజరు.

"నువ్వు మాట్లాడకు," అంది పెద్దక్క, వాడి వైపు చూడకుండానే.

కిరీటం తీసి కింద పెట్టింది. తండ్రి చేతిని కుడిచేత్తో, కూతురి చేతిని ఎడమచేత్తో పట్టుకుంది. రెండు అరచేతుల్నీ కలిపి తన కళ్ళకి అద్దుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఒకరిని కనుక్కోమన్నాను కదే నిన్ను. ఇద్దరు తేలారు."

గోడ మీద గడియారం నాలుగు కొట్టింది. ఇన్‌స్పెక్టరు తాత పేరున్న కాగితాన్ని అడ్డంగా కొట్టేసి, కొత్త కాగితం తీశాడు. నాలుగు వాక్యాలు రాశాక పెన్ను ఆపాడు.

"మేడం, దూలం ఆగిన ఎత్తు ఏమని రాయను? నిన్నటిది ఇరవై రెండు పాయింట్ ఎనిమిది, ఇవాళ్టిది పదిహేడు పాయింట్..."

"అవి రాయండి సార్, కోర్టుకి కావాలి. పక్కన అవి ఎవరి జానలో కూడా రాయండి."

ఆయన ఒక్క క్షణం తాత చేతినీ, కూతురి చేతినీ చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, ఇద్దరి పేర్లూ అడిగి, అక్షరం తప్పు లేకుండా రాసుకున్నాడు.